ఆరో పుస్తకం

రేపు పదకొండింటికల్లా
బడి పుస్తకాలన్నీ జోన్ ఆఫీసులో అప్పజెప్పాలట.
తొమ్మిది పేటలకు తొమ్మిది కమిటీలెందుకని
చెన్నపట్నమంతటికీ ఒకటే బోర్డు వేశారు.
కాగితం తమిళంలో వచ్చింది.
జయశీలి టీచరు చదివి చెప్పింది,
మడత పెట్టి, మళ్ళీ విప్పి
తేదీ చూసుకుంది.

కొరుక్కుపేట గేటు పడింది.
గూడ్సు పోయేదాకా ఎలాగూ ఎవరం కదలం,
అందుకని ఆరో పుస్తకం తెరిచాను.

మా మినిట్సు పుస్తకాలు మొత్తం ఆరు.
మొదటిది చెదలకు పోయింది.
రెండోదాన్ని సగందాకా వరద తాగింది,
ఆ నీటిగీత కింద ఏం తీర్మానించామో ఎవరికీ తెలీదు,
దాని ప్రకారమే ఇన్నాళ్ళూ నడిచాం.

"మోటారు కాలినది. పెంచలయ్య తమ్ముడు చుట్టినాడు.
కూలి వద్దన్నాడు. టీ తాగినాడు."
ఇదొక తీర్మానం.
"గుడ్లు చిన్నవిగా వచ్చుచున్నవి.
మస్తానమ్మ తక్కెడ తెచ్చి చూపినది."
ఇదింకొకటి.
"ఎనిమిదో తరగతి ప్రమీల మూడు రోజులుగా లేదు.
ఎవరు వెళ్తారు?"
దాని కింద జవాబు రాసి లేదు.
నాలుగోనాటి హాజరుపట్టీలో మాత్రం
పిల్ల ఉంది.

కొత్త బోర్డు పంపిన పట్టికలో పద్నాలుగు గడులు.
వేలు పెట్టి వెతికాను.
ఎవరు వెళ్తారు అనే గడి లేదు.

అట్లాగని మేమేం ధర్మరాజులం కాదు.
సున్నం కాంట్రాక్టు ప్రెసిడెంటు బావమరిదికే,
మూడుసార్లు.
మూడుసార్లూ ఆ సున్నం
పిల్లల వీపులకే అంటింది.
మస్తానమ్మ పదేళ్ళు మీటింగుకొచ్చి
పదేళ్ళూ టీ పోసింది,
పదకొండో ఏటగానీ ఆమె చేతికి పెన్నివ్వలేదు.
ఇస్తే, రాసిందంతా ముందు చదవమంది.
చదువుతుంటే నాకే సిగ్గేసి
రెండు పంక్తులు కొట్టేశాను.

బోర్డొస్తే సైన్సు గది వస్తుందట.
రానీ.
ధనకోటి మనవరాలు పరీక్షనాళికను
బొమ్మ గీయడమే, ముట్టుకున్నది లేదు.
ఆ పిల్ల ముందు నిలబడి నేను కాదనలేను.

ముప్పై ఒక్కేళ్ళు నేను పాయింట్స్‌మన్‌ని,
ఈ యార్డులోనే.
పట్టాలు కలపడం తప్పని నాతో అనిపించకండి,
కలపకపోతే బండి ఎక్కడికీ పోదు.
కానీ కలిసేచోట ఒక మనిషుండేవాడు.
వానలో, తలమీద గోనెపట్టా వేసుకుని
నాలుక సరిగ్గా ఆనిందో లేదో
వంగి తడిమేవాడు.
సందులో వేలు దూరిందా,
బండి ఆపాల్సిందే.
డ్రైవరు అమ్మనాబూతులు తిట్టేవాడు.
తిట్టనీ.

తొమ్మిది బడులు కలిసేచోట ఎవరున్నారో
ఫోను చేసి చూశాను.
తమిళానికి ఒకటి నొక్కమంది,
ఇంగ్లీషుకు రెండు.
మూడు నొక్కాను.
మళ్ళీ మొదట్నించి చెప్పింది.

నిన్న సాయంత్రం చివరి మీటింగు.
పదకొండుమందికి ఏడుగురం.
దేవసహాయం లెక్క చదివాడు:
మిగులు ఆరువందల నలభై, బోర్డుకు జమ కట్టాలి.
"మోటారు చుట్టిన కూలి బాకీ ఉంది" అంది మస్తానమ్మ.
వద్దన్నాడని రాసుందిగా అన్నాను.
"వద్దన్నది మనతో. బోర్డుతో అన్లేదు."

ఆఖరి తీర్మానం అదే.
ఆరు సంతకాలు, ఒక వేలిముద్ర.

గేటు లేచింది. హారన్లు.
ఆరో పుస్తకంలో ఇంకా ముప్పై ఎనిమిది తెల్లకాగితాలున్నాయి.
రాసినవి బోర్డువి.
రాయనివి ఎవరివో
వచ్చిన కాగితంలో లేదు.
జయశీలి టీచర్ని ఇంకోసారి చదవమన్నాను,
లేదు.

నడిమి కుట్టు విప్పుతున్నాను.
పెద్ద సూది ధనకోటి ఇంట్లో ఉంది,
ఎవరు వెళ్తారు?